రంగు పట్టని గుడ్డు

మక్సున్‌కి రోజూ కోళ్ళగూడు దగ్గరే తెల్లవారేది. ఎంత మంచు కురిసినా సరే, లేవగానే పెరటి తలుపు తీసి, కోళ్ళ కడుపు కిందికి చెయ్యి పోనిచ్చి, వెచ్చటి గుడ్లు ఏరి ఒళ్ళో వేసుకుని వచ్చేది. బొగ్గుగనుల కొమున్‌గోల్ లోయలో మంచు కూడా ఒక పూటకు మించి తెల్లగా ఉండదు. బొగ్గుపొడి కలిసి సాయంత్రానికల్లా బూడిద కుప్పలా తయారవుతుంది. ఆరేసిన బట్టల్ని దులపకుండా ఇంట్లోకి తేవడానికి లేదు. బళ్ళో పిల్లల్ని వాగు బొమ్మ గీయమంటే ముందు నల్లరంగు అందుకుంటారు.

మొగుడు గనిలో పోయాక ఆమె ఇంట్లో గదులు అద్దెకిచ్చి, గనిలో పనిచేసే ఒంటరి మగాళ్ళకి వండిపెట్టడం మొదలుపెట్టింది. అందరికీ ఆమె పిన్ని. వాళ్ళని గనిలోకి దింపే ముసలి బాంగ్ మేస్త్రి కూడా పిన్నీ అనే పిలిచేవాడు, ఆమెకంటే పెద్దవాడై ఉండి కూడా.

ఆ ఇంటి భోజనంలో అందరూ ఎదురుచూసేది గుడ్డు కోసం. సాయంత్రం ఉడకబెట్టి పెంకు తీసి పెట్టుకునేది. పెరట్లోని పెద్ద జాడీలోంచి సోయా సాస్ ముంచి, నీళ్ళు కలిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఒక ముల్లంగి ముక్క, చిటికెడు పంచదార వేసి మరిగించి చల్లార్చేది. రాత్రి భోజనాలయ్యాక ఎవరి గుడ్డుకి వాళ్ళే, గుర్తుకోసం తమకని పెట్టుకున్న రంగు దారం ఒక చుట్టు చుట్టి, ముడివేసి, ఆ గిన్నెలో వదిలేవాళ్ళు. పొద్దున్నకి గుడ్లన్నీ నేరేడు బెరడు రంగులో నిగనిగలాడుతూ తేలేవి. దారం విప్పితే దాని కింద సన్నటి తెల్లగీత. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి డబ్బాలో, అన్నం మధ్యలో గుంట చేసి కూర్చోబెట్టేది. భూమి కింద, మోకాళ్ళు మడుచుకుని కూర్చుని, దీపం వెలుగులో ఆ గుడ్డు కొరికితే, లోపలి పచ్చసొన నాలుక మీద కరుగుతుంటే, చచ్చుబడిపోయిన చేతుల్లోకి మళ్ళీ ప్రాణం వచ్చేదని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఎప్పుడైనా ఒక గుడ్డు రంగు పట్టేది కాదు. రాత్రంతా మిగతావాటితో పాటే నానినా, వేసినప్పుడు ఎంత తెల్లగా ఉందో పొద్దున్నకీ అంతే తెల్లగా ఉండేది. ఆ దారం ఎవరిదో అతను ఆ రోజు గనిలోకి దిగేవాడు కాదు, ఇంటిపట్టునే ఉండేవాడు. జ్వరమొచ్చిందన్నా నుదుటి మీద చెయ్యివేసి చూసే బాంగ్ మేస్త్రి, గుడ్డు తెల్లగా వచ్చిందంటే మారుమాట్లాడకుండా ఇంకొకణ్ణి పిలుచుకునేవాడు. అతను పనిచెయ్యాల్సిన చోట ఆ రోజు కప్పు కూలేది, లేదా బొగ్గు బండి పట్టాలు తప్పేది. తెల్ల గుడ్డుని ఎవరూ తినరు. ఇంటి వెనక దేవదారు చెట్టు మొదట్లో పాతిపెడతారు.

జాడీ అత్తగారినాటిది. మక్సున్ మొగుడు పోయిన రోజు ఇంట్లో గుడ్లు లేవు. ఆ తర్వాతే ఆమె కోళ్ళు పెట్టుకుంది.

*

తేసిక్ దక్షిణాన కొహుంగ్ సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాడు. తినే సముద్రపు నాచు ఆరబెట్టి అమ్ముకుని బతికే కుటుంబం. తండ్రి లేడు. తేసిక్ మాటకి పొదుపు, పనికి గట్టి. వచ్చిన మరుసటి ఏడాది తమ్ముడు చున్సిక్‌ని కూడా తెచ్చుకున్నాడు. ఆ కొండకి ఒకడు చాలడా అని తల్లి ఏడ్చిందట. మూడేళ్ళు పనిచేసి పడవ కొనుక్కుని ఇద్దరం వచ్చేస్తామని తేసిక్ ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాడట.

చున్సిక్ వచ్చాక ఆ ఇంట్లో సందడి పెరిగింది. అన్నం తింటూ పాడేవాడు, పాడుతూ తినేవాడు. ఎంత తిన్నా వాడి కడుపు నిండేది కాదు.

"పిన్నీ, మొన్న పాతిపెట్టారే మాన్సు అన్న గుడ్డు, అది నాకు పెట్టి ఉంటే ఏమయ్యేది? తెల్లగా ఉంటే మాత్రం గుడ్డు కాకుండా పోతుందా?"

"నోరు ముయ్యరా. ఆ మాటలు తినేచోట అనకూడదు," అనేది మక్సున్.

"వాడికి కడుపు కాదు పిన్నీ, గని," అనేవాడు పక్క గదిలో ఉండే మాన్సు. "ఎంత పోసినా అడుగు కనపడదు."

"నీ వాటా కూడా పొయ్యన్నా, కనిపిస్తుందేమో చూద్దాం," అని చున్సిక్ గిన్నె చాపేవాడు. తేసిక్ తన గిన్నెలోంచి ఒక ముద్ద తీసి తమ్ముడి గిన్నెలో వేసేవాడు.

అన్నది నీలం దారం, తమ్ముడిది ఆకుపచ్చ. తేసిక్ పొద్దుటి షిఫ్టులో దిగేవాడు, చున్సిక్ మధ్యాహ్నం షిఫ్టులో.

చలికాలం మొదట్లో ఒక పొద్దున నీలం దారం గుడ్డు తెల్లగా తేలింది. మక్సున్ దాన్ని గరిటెతో పైకి తీసి చూపించింది. తేసిక్ తల ఊపి, తొడుక్కున్న బూట్లు విప్పేసి, మళ్ళీ గదిలోకి వెళ్ళి ముసుగుపెట్టాడు. కొన్నాళ్ళుగా నడుం నొప్పితో ఉన్నాడేమో, వెంటనే నిద్రపట్టేసింది.

గుమ్మంలో బాంగ్ మేస్త్రి తల పట్టుకున్నాడు. "ఇప్పటికే ఇద్దరు తక్కువ. ఇవాళ ఎవణ్ణి తేను?"

"నేనొస్తా మేస్త్రీ," అన్నాడు చున్సిక్, నోట్లో పళ్ళపుల్లతో. "నా గుడ్డు చూడండి, కాల్చిన చెస్ట్‌నట్ గింజలా ఎలా మెరుస్తోందో. నాకేం ఢోకా లేదు. అన్న పేరున్న గని బిళ్ళ పెట్టుకుని దిగుతా, మధ్యాహ్నం పడుకుంటా."

ఆకుపచ్చ దారం గుడ్డు నిజంగానే చక్కగా రంగు పట్టింది. అందరూ చూశారు. మేస్త్రి చూశాడు, మక్సున్ చూసింది. ఎవరికీ తప్పుగా తోచలేదు.

"ఆ తెల్లది ఇలా ఇవ్వండి పిన్నీ, పోతూ పోతూ పాతేస్తాను," అని చున్సిక్ చెయ్యి చాపాడు. ఆమె పొయ్యి దగ్గర పనిలో ఉండి ఇచ్చేసింది.

తేసిక్ నిద్రలేచేసరికి తలగడ పక్కన బోర్లించిన గిన్నె ఉంది. ఎత్తి చూస్తే గుడ్డు. పిన్ని పెట్టిందనుకున్నాడు. ఆకలిగా ఉండి, వెలుతురు సరిగ్గా లేని ఆ గదిలో, దారమైనా చూడకుండా విప్పి పడేసి తినేశాడు. అప్పుడే గని సైరన్ మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది.

చున్సిక్‌ని బయటికి తెచ్చాక అతని వస్తువులు అన్న చేతికి ఇచ్చారు. టోపీ, బెల్టు, అన్నం డబ్బా. తేసిక్ గదిలో ఒక్కడూ కూర్చుని డబ్బా మూత తీశాడు. అన్నం మధ్యలో తెల్లటి గుడ్డు, సగం కొరికి ఉంది. పక్కన నీలం దారం. చాప మీద చూస్తే, తను విప్పి పడేసిన ఆకుపచ్చ దారం ఇంకా అక్కడే ఉంది. మూత మళ్ళీ పెట్టేశాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

చున్సిక్‌ని లోయపైన కొండవాలులో పూడ్చారు. తల్లికి కబురు నేనే చెప్తాను, ఎవరూ పంపొద్దు అని తేసిక్ ఆఫీసులో చెప్పాడు. ఇవాళ వెళ్తాను, వచ్చేవారం వెళ్తాను అంటూ వెళ్ళలేదు.

మళ్ళీ పనికి పోదామని దారం కట్టాడు. పొద్దున్న తెల్లగా తేలింది. మర్నాడూ తెల్లగానే. ఆ మర్నాడూ అంతే. గిన్నెలో మిగతావన్నీ నల్లబడి మెరుస్తుంటే అదొక్కటే మధ్యలో కన్ను తెరిచినట్టు ఉండేది. మేస్త్రి గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయేవాడు.

"ఆ గని వాణ్ణి ఇంకా వదల్లేదు," అని మాన్సు ఒకరోజు గొంతు తగ్గించి అన్నాడు. "తమ్ముడితో సరిపెట్టుకోలా."

పని లేని తేసిక్ ఇంట్లో పని అందుకున్నాడు. కట్టెలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు. సాయంత్రాలు మక్సున్ పక్కన పీట వేసుకుని గుడ్ల పెంకు తీసేవాడు. అంత పెద్ద చేతులతో ఒక్క గుడ్డయినా చిట్లకుండా తీసేవాడు. తను మాత్రం తినేవాడు కాదు. ఆమె అన్నం వడ్డిస్తే నీళ్ళు పోసుకుని ఏదో నాలుగు మెతుకులు మింగేవాడు. చెంపలు లోపలికి పోయాయి. మనిషి పక్కన కూర్చున్నా కూర్చున్నట్టు ఉండేది కాదు.

మక్సున్ కూడా చిక్కింది. ఆ రోజు గరిటెతో గుడ్డు పైకెత్తి చూపించింది తనే. తెల్లది చున్సిక్ చేతికి ఇచ్చింది తనే. చూపించకపోతే వీడు పోయేవాడు. చూపిస్తే వాడు పోయాడు. చెట్టు మొదట్లో ఆ పొద్దున ఏ గుడ్డూ పాతలేదని ఆమెకి తెలుసు, మట్టి కదలలేదు. అదేమైందని తేసిక్‌ని అడగడానికి నోరు రాలేదు. ఒకసారి జాడీని రాయితో పగలగొడదామని పెరట్లోకి వెళ్ళి, మిగతావాళ్ళ ముఖాలు గుర్తొచ్చి, దాని మీది మంచు తుడిచి వెనక్కి వచ్చింది.

నెలాఖరున గనికి సెలవొచ్చింది. లిఫ్టు తాళ్ళు మార్చడానికి అన్ని షిఫ్టులూ ఆపేశారు. సెలవు ముందు రాత్రి అలవాటు కొద్దీ అందరూ దారాలు కట్టారు. పొద్దున్నే మక్సున్ మూత తీసింది. ఎవరూ గనిలోకి దిగని రోజున ఎవరి గుడ్డూ తెల్లగా వచ్చినట్టు ఆమె ఎరగదు. తేసిక్‌ది తెల్లగా ఉంది.

ఆమె గరిటె అక్కడే పడేసి, చెప్పులు సగం తొడుక్కుని బయటికి పరిగెత్తింది.

తేసిక్ గదిలో లేడు, కట్టెల దగ్గర లేడు. వాగు మీది రైలు వంతెన కింద దొరికాడు. కోటు విప్పి, చక్కగా మడిచి, రాయి మీద పెట్టి, దాని పక్కన కూర్చుని నీళ్ళు చూస్తున్నాడు. అంచుల్లో గడ్డకట్టి, మధ్యలో మాత్రం నల్లగా పారుతోంది వాగు.

మక్సున్ ఆయాసం తగ్గేదాకా ఆగి, కోటు తీసి అతని భుజాల మీద కప్పింది.

"గని మూసేశారు కదరా ఇవాళ. మరి నీ గుడ్డెందుకు తెల్లగా ఉంది?"

ఖాళీ అయిన రాయి మీద ఆమె కూర్చుంది.

"ఇన్నాళ్ళూ గని నీ ప్రాణం అడుగుతోందనుకున్నాం. గని కాదు. నువ్వే అడుగుతున్నావు. అవునా?"

"అమ్మకి ఏం చెప్పను పిన్నీ?" అన్నాడు తేసిక్. "వాడేడి అంటుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే నా వెనక్కి చూస్తుంది, వాడొస్తున్నాడేమోనని. ఆ చూపుకి ఏం చెప్పను?"

"అది నాకు తెలీదు. రేపు బయల్దేరదాం."

"మీరా?"

"నేనే. లే. పిర్ర గడ్డకడుతుంది."

*

మర్నాటి గుడ్డూ తెల్లగానే తేలింది. మాన్సు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "తెల్లగా ఉంటే గడప దాటకూడదు పిన్నీ. మీరు పెట్టిన నియమమే కదా."

"గడప లోపల కూర్చోబెట్టి ఇన్నాళ్ళు చూశాం, ఒక్కరోజయినా రంగు పట్టిందా?" అంది మక్సున్. "పక్కకి జరుగు. గుడ్లు ఉడకబెట్టడం రాదా మీకు? జాడీ అక్కడే ఉంది, దారాలు మేకుకున్నాయి. కోళ్ళకి నూకలు వెయ్యడం మాత్రం మర్చిపోకండి."

బాంగ్ మేస్త్రి స్టేషన్‌దాకా వచ్చి ఆమె సంచి మోశాడు. సంచిలో జాడీలోంచి నింపిన సీసా ఉంది, తువ్వాలు చుట్టి. రైలు కూత వినిపించగానే మక్సున్ తేసిక్ కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది. రైలు పూర్తిగా ఆగేదాకా వదల్లేదు. మేస్త్రి కూడా రెండోపక్క నుంచి పట్టుకున్నాడు. తేసిక్ ఇద్దరి మధ్యా చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

రైలంతా జనం. ఎదురు సీటు ముసలామె ఉడికించిన గుడ్లు ఒలిచి ఉప్పు అద్దుకుని తింటూ వీళ్ళకీ చెరొకటి ఇవ్వబోయింది. తేసిక్ కిటికీవైపు తిరిగాడు. మక్సున్ రెండూ తీసుకుని, ఒకటి తిని, ఒకటి సంచిలో దాచింది. కొండలు తగ్గి పొలాలొచ్చాయి. మంచు పోయి వాన మొదలైంది. రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి మట్టిరోడ్డు మీద నడిచి, సాయంత్రానికి ఉప్పుగాలి ముఖానికి కొడుతుండగా ఊరు చేరారు.

తల్లి పెరట్లో నాచు చాపలు చుట్టి లోపల పెడుతోంది. అలికిడికి తిరిగింది. కొడుకుని చూసింది, పక్కనున్న ఆడమనిషిని చూసింది. తర్వాత, తేసిక్ చెప్పినట్టే, వాళ్ళ వెనక ఖాళీ దారిని చూసింది. చూస్తూనే ఉంది. చేతిలోని చాప జారి బురదలో పడింది.

"ఎప్పుడు?" అంది.

"చలికాలం మొదట్లో," అన్నాడు తేసిక్. నిలబడిన చోటే బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నా షిఫ్టమ్మా అది. నా బదులు దిగాడు. నా గుడ్డు తెల్లగా వస్తే నేను పడుకున్నాను. వాడు తన గుడ్డు నాకు పెట్టి, నాది పట్టుకుపోయాడు. వాడి గుడ్డు నేను తిన్నానమ్మా. చూసుకోకుండా తినేశాను."

మక్సున్ అప్పుడే విన్నది ఆ మాట.

తల్లి వచ్చి తేసిక్ వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది. పిడికిళ్ళతో, అరచేతులతో, ఎలా పడితే అలా. అతను కదల్లేదు. మక్సున్ ఆపబోయి ఆగిపోయింది.

"ఇన్నాళ్ళా! ఇన్నాళ్ళు నాకు చెప్పకుండా వాణ్ణి నువ్వొక్కడివే మోసుకుని తిరిగావా? నువ్వొక్కడివే ఏడ్చావా? వాడు నా కొడుకు కాదురా? నాకు భాగం లేదురా?" గొంతు చీలిపోతుంటే అరిచింది. "నేనిక్కడ రోజూ వాడికి మేజోళ్ళు అల్లుతున్నాను కదరా!"

కొట్టి కొట్టి చేతులు సొలసిపోయి, కొడుకు వీపు మీదే వాలిపోయింది. అప్పుడు తేసిక్ ఏడ్చాడు. తమ్ముణ్ణి పూడ్చిన రోజు కూడా ఏడవనివాడు, పశువు అరిచినట్టు ఏడ్చాడు. ఇరుగుపొరుగు గోడలపైనుంచి చూసి, విషయం తెలుసుకుని, ఒక్కొక్కరూ వచ్చి పెరట్లో నిలబడ్డారు. ఎవరో బురదలో పడ్డ చాప తీసి కడిగారు.

చీకటి పడేముందు తల్లి లేచి పొయ్యి వెలిగించింది. మక్సున్ ఆమె పక్కన కూర్చుని, సంచిలోని గుడ్డు తీసి పెంకు ఒలిచింది. సీసాలోని సోయా సాస్ గిన్నెలో పోసి నీళ్ళు కలిపింది.

"ఇదేనా నా కొడుకులు చెప్పిన ఆ గుడ్డు?" అంది తల్లి.

"ఇదే. ఎవరి దారం వాళ్ళు కట్టాలి."

తల్లి గుమ్మంలోంచి చూసింది. తేసిక్ చాప మీద, ముఖం వాచిపోయి, పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. ఆమె అల్లిక బుట్టలోంచి ఉన్ని పోగు ఒకటి తెంపి, గుడ్డు చుట్టూ చుట్టి ముడివేసింది.

"కడుపులో మోశాను. నేను కడితే చెల్లదా?"

"చెల్లుతుంది వదినా," అంది మక్సున్, నిజంగా చెల్లుతుందో లేదో ఆమెకి తెలియకపోయినా.

పొద్దున్న మక్సున్ లేచేసరికి తల్లి అప్పటికే గిన్నె ముందు కూర్చుని ఉంది. ఇద్దరూ వంగి చూశారు. గుడ్డు తెల్లగా లేదు. నల్లగానూ లేదు. పలచటి బార్లీ టీ రంగు ఎక్కడో మొదలై, ఒక పక్కకి మాత్రం ఎక్కింది. రెండోపక్క ఇంకా పాలిపోయే ఉంది.

"వాణ్ణి మీతో తీసుకెళ్ళాలా?" అంది తల్లి.

"వాడి గని బిళ్ళ మేస్త్రికి నేను ఇచ్చేస్తాలే వదినా."

"ఇంకా లేతగానే ఉంది. నాననివ్వాలి." తల్లి గిన్నె మీద పళ్ళెం బోర్లించి, పొయ్యికి దూరంగా, చల్లటి మూలకి జరిపింది. "ఆ సీసా ఇక్కడ వదిలి వెళ్తారా?"

"మీకోసమే తెచ్చాను. అయిపోతే కబురు పెట్టండి, పంపిస్తాను."

బస్సుకోసం మక్సున్ ఒక్కతే రోడ్డు మీదికి నడిచింది. వాన వెలిసింది కానీ ఆకాశం విప్పుకోలేదు. ఒడ్డు పొడవునా వెదురు దడులు నిలబెట్టి ఉన్నాయి. తేసిక్ అక్కడ ఉన్నాడు. తల్లి తడి నాచు పరిచిన చాపలు అందిస్తుంటే దడికి కడుతున్నాడు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, చేత్తో అద్దం తుడిచి చూసింది. గాలి ఒక చాపని లేపి కొంచెం దూరం ఈడ్చుకుపోయింది. తేసిక్ కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నడిచి వెళ్ళి, వంగి, దాన్ని పట్టుకుని, తెచ్చి మళ్ళీ కట్టాడు.